సగం పిప్పరమెంటు

ఆ బడిలో పిల్లలకు దేనికి కరువున్నా పొగడ్తకు కరువు లేదు. గేటు పక్కనే అద్దాల బోర్డు ఒకటుంది. వారం వారం అందులో పిల్లల ఘనకార్యాలు పెడతారు. నాలుగో తరగతి వాళ్ళు చదరంగం పోటీలో రెండో బహుమతి తెచ్చారు. మూడో తరగతి వాళ్ళు కుండీల్లో వేసిన టమాటా మొక్కలు కాయలు కాశాయి. ఒకటో తరగతి పిల్లాడెవడో తన బూటు లేసు తనే కట్టుకున్నాడు. దానికీ ఫోటో, దానికీ చప్పట్లు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆ బడి నడిపే పెద్ద సిస్టర్‌కు లోకంలోని కాకిపిల్లలన్నీ ముద్దే. శుక్రవారం ప్రార్థన అయ్యాక ఆ వారం మెరిసిన పిల్లనో పిల్లాణ్ణో ముందుకు పిలిచి, బంగారు రంగు కాగితం నక్షత్రాన్ని చొక్కాకు గుచ్చుతుంది. ఆ రోజు ఇంట్లోవాళ్ళను కూడా పిలుస్తారు. వాళ్ళు వెనక బెంచీల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటారు. ఇందులో తప్పేముంది అంటారా? తప్పని నేనూ అనను. మెచ్చుకోవడానికి అలవాటు పడ్డ నోటికి, ఎక్కడ ఆగాలో తెలియదు, అంతే.

రెండో తరగతి టీచరు ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే పాఠాలు చెబుతూ జుట్టు నెరిసిన మనిషి. బల్ల మీద చిన్న ఇత్తడి గంట పెట్టుకుంటుంది కాబట్టి పిల్లలు గంట టీచర్ అంటారు. గంట కన్నా ఆవిడ గొంతే పెద్దదనీ, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదనీ తోటి టీచర్లు ఆటపట్టిస్తారు. నిజమే, స్టాఫ్‌రూములో నవ్వులన్నీ ఆవిడ మోసుకొచ్చినవే. పిల్లలంటే మాత్రం ప్రాణం పెడుతుంది. రెండో తరగతిలోనే పిల్లలు మొదటిసారి చర్చి ఫాదర్ ముందు మోకరించి పాపసంకీర్తనం చేయాలి. చేసిన తప్పులు ఒప్పుకుని క్షమాపణ పొందితేనే తొలి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ ఇచ్చే పవిత్రమైన అప్పం. దానికి ముందు జపాలన్నీ నోటికి రావాలి. అందుకోసం గంట టీచర్ దగ్గర ఒక గాజు సీసా ఉంది, నిండా తెల్ల పిప్పరమెంటు బిళ్ళలు. ఒక జపం తప్పు లేకుండా అప్పజెబితే ఒక బిళ్ళ. మర్నాడు ఇంకొకటి అప్పజెబితే ఇంకో బిళ్ళ. ఆ సీసా చేసినంత బోధ ఏ ఫాదరూ చేసి ఉండడు.

తరగతిలో అందరికన్నా ఎక్కువ బిళ్ళలు గెలిచేది పిచ్చుక. ఆ పేరు వాళ్ళ నానమ్మ పెట్టింది. కళ్ళు తెరిచింది మొదలు మూసేదాకా కిచకిచమంటూనే ఉంటుంది మరి. నాన్న సరుకుల వ్యాను నడుపుతాడు. అమ్మ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని చేస్తుంది. ఇద్దరూ తెల్లారుతూనే వెళ్ళి లైట్లు వేసే వేళకు వస్తారు. పిచ్చుకకు జడలు వేసేది నానమ్మ, బడికి తెచ్చేది నానమ్మ, తీసుకెళ్ళేది నానమ్మ. బడిలో జరిగిందంతా పిచ్చుక పూస గుచ్చినట్టు చెబుతుంటే "ఊఁ, తర్వాత?" అంటూ వినేదీ నానమ్మే. చెప్పింది మళ్ళీ చెప్పినా అదే ఆసక్తి, అదే "తర్వాత?"

నానమ్మకు బీపీ ఎక్కువైంది. డాక్టరు కొత్త మాత్ర రాశాడు, తెల్లగా, చిన్నగా ఉండేది. నానమ్మకు చూపు ఆనదు. పొద్దున్నే అట్టలోంచి మాత్ర నొక్కి అరచేతిలో పెట్టే పని పిచ్చుకది. "నా డాక్టరమ్మ" అని మురిసిపోయేది ముసలావిడ. కానీ ఆ మాత్ర మొదలైన దగ్గర్నుంచి ఆవిడకు ఒకటే మత్తు. బడి నుంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే తల వాలిపోయేది. పిచ్చుక సగం కథ చెప్పి ఆగితే "తర్వాత?" బదులు గురక వినపడేది. అమ్మానాన్నలు వచ్చేదాకా ఆ పిల్ల గోడలతో మాట్లాడుకునేది.

అలాంటి ఒక రోజు జేబులో పిప్పరమెంటు విరిగింది. సగం ముక్క చేతిలోకి తీసుకుని చూస్తే అచ్చం నానమ్మ మాత్ర. ఆ పిల్ల మనసులో కల్మషం ఏమీ లేదు. మాత్ర వేసుకుంటే నిద్ర, వేసుకోకపోతే కబుర్లు. అంతే లెక్క. మర్నాడు పొద్దున మాత్ర కిటికీలోని పూలకుండీ మట్టిలోకి వెళ్ళింది, సగం పిప్పరమెంటు నానమ్మ అరచేతిలోకి వెళ్ళింది. నాలుగు రోజులు తిరిగేసరికి మత్తు వదిలింది. నానమ్మ సాయంత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఊఁ, తర్వాత?" అంది. పిచ్చుక వెళ్ళి ఆవిడ మెడ కావలించుకుంది. ఆనాటి నుంచి జపం వెంట జపం కంఠస్థం చేయడం మొదలుపెట్టింది. ఒక జపానికి ఒక బిళ్ళ, ఒక బిళ్ళకు రెండు పొద్దులు. గంట టీచర్ పొంగిపోయింది.

ఇక పాపసంకీర్తనం ప్రాక్టీసు సంగతి. అంతకు ముందు ఏడు ప్రాక్టీసులో పిల్లలు నిజం పాపాలు చెప్పారు. తమవి చెబితే ఫరవాలేకపోను, ఇంట్లోవాళ్ళవి కూడా చెప్పారు. ఎవరి నాన్న సీసాలు ఎక్కడ దాస్తాడో, ఎవరి అమ్మ ఎవరిని ఏమని తిట్టిందో అన్నీ బయటపడ్డాయి. తల్లులు కొంగులు బిగించి బడి మీదకు వచ్చారు. దాంతో పెద్ద సిస్టర్ ఒక నియమం పెట్టింది. ప్రాక్టీసులో నిజం పాపాలు చెప్పకూడదు, కల్పించి చెప్పాలి. నిజమైనవి ఫాదర్‌కే.

గంట టీచర్ తరగతి మూలలో నాటకాల పరదా కట్టి, దాని వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఒకసారి ఒప్పుకున్న పాపం దేవుడు మర్చిపోతాడు, మళ్ళీ చెప్పక్కర్లేదు" అని ముందే పాఠం చెప్పింది. కల్పించడం ఎలాగో తెలియక తెల్లమొహాలు వేస్తుంటే "అక్క జడ లాగాను, అలాంటిదేదో చెప్పండర్రా" అని ఉదాహరణ కూడా ఇచ్చింది. ఇంకేముంది, ఒకరి తర్వాత ఒకరు వచ్చి మోకరించి, అక్క జడ లాగామని చెప్పారు. అక్కలు లేనివాళ్ళు కూడా లాగారు. ఇంట్లో అందరికన్నా పెద్దవాడైన పిల్లాడు కూడా అక్క జడే లాగాడు. వినీ వినీ టీచరుకు కునుకు పట్టింది.

పిచ్చుకకు మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. అబద్ధం పాపం. చేయనిది చేశానని చెబితే అబద్ధం. పాపాలు ఒప్పుకునే చోట కూర్చుని ఇంకో పాపం మూటగట్టుకోవడమా? పైగా కొన్నాళ్ళుగా ఆ పూలకుండీ వంక చూడకుండా తల తిప్పుకుంటోంది. చెప్పేస్తే ఆ తప్పు పోతుందేమో అనుకుంది. టీచరు తిడుతుంది. తిడితే మానేయాల్సిందే. మానేస్తే నానమ్మ మళ్ళీ నిద్రపోతుంది. అయినా సరే, చెప్పడానికే సిద్ధపడి వచ్చి మోకరించింది.

"ఫాదర్, నేను పాపం చేశాను, నన్ను ఆశీర్వదించండి" అని మొదలుపెట్టింది.

"ఊఁ, చెప్పమ్మా" అంది పరదా వెనక గొంతు, జడ కోసం ఎదురుచూస్తూ.

"మా నానమ్మకు మాత్ర బదులు పిప్పరమెంటు ఇస్తున్నాను."

"ఏమిటేమిటీ?"

"సగం విరిచి ఇస్తున్నాను. మాత్రేమో పూలకుండీలో పాతిపెడుతున్నాను. మాత్ర వేసుకుంటే నానమ్మ నిద్రపోతుంది. నాతో మాట్లాడదు."

పరదా కదిలింది. గంట టీచర్ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. అన్ని జడల తర్వాత ఎడారిలో నీళ్ళు కనబడ్డట్టుంది ఆవిడకు.

"అబ్బబ్బ! ఎక్కణ్ణుంచి వస్తాయే నీకివి? బాగుంది తల్లీ, చాలా బాగుంది!"

"బాగుందా టీచర్?" పిచ్చుక నమ్మలేకపోయింది.

"బాగుందా అంటావేంటి? అందరికన్నా నీదే బాగుంది. వెళ్ళి ఒక మంగళవార్త జపం చెప్పుకో, పో."

పరదా పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి, పిల్ల చేతిలో ఒక తెల్ల పిప్పరమెంటు పెట్టింది. పిచ్చుక దాన్ని జేబులో దాచుకుంది. జపం చెప్పుకుంటూ గెంతుతూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా స్టాఫ్‌రూము దద్దరిల్లింది. టీ తాగడానికి వచ్చిన ఫాదర్ కూడా పొరబోయేదాకా నవ్వి, "ఈ పిల్ల పెద్దయ్యాక కథలు రాస్తుంది చూడండి" అన్నాడు. "ఆ ఊహకు నక్షత్రం ఇవ్వాల్సిందే" అంది పెద్ద సిస్టర్. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికైనా, పోనీ ఒకసారి ఆ పిల్లను అడిగి చూద్దామని తోచలేదు. తోచదు. కల్పించమని తామే చెప్పారు కదా.

శుక్రవారం పిచ్చుక గౌను మీద నక్షత్రం మెరిసింది. అద్దాల బోర్డులో ఫోటో కింద "పాపసంకీర్తనానికి అందరికన్నా చక్కగా సిద్ధమైన విద్యార్థిని" అని రాశారు. వెనక బెంచీలో నానమ్మ ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. చప్పట్లు అందరూ ఆపేశాక కూడా ఆవిడ కొడుతూనే ఉంది. తర్వాత గేటు దగ్గర గంట టీచర్‌ను పట్టుకుంది.

"టీచరమ్మా, నక్షత్రం ఇచ్చేంత పాపం ఏం చెప్పిందేంటి మా పిచ్చుక?"

గంట టీచర్‌కు మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ముసలావిడ ఎంత నవ్వుతుందో అనుకుంది. కానీ పక్కనే పిల్లలున్నారు. పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టకూడదని వాళ్ళకు నిన్ననే గట్టిగా చెప్పింది. ఏనాడూ ఆగని నోరు ఆ రోజు ఆగింది. పెదాల మీద వేలు పెట్టుకుని, "అది చెప్పకూడదు మామ్మగారూ" అంది.

"పోన్లెండి, నాకు తెలీని పాపాలు దీని దగ్గరేం ఉంటాయి!" అని నవ్వింది నానమ్మ. "ఈ మధ్య నా ప్రాణం కూడా తేలిగ్గా ఉందమ్మా. మాత్రలు మార్చినట్టున్నారు, తియ్యగా ఉంటున్నాయి. మునుపటి మత్తు లేదు. అప్పుడప్పుడూ తల దిమ్మెక్కుతుంది గానీ, అది వయసు."

"మందులు కూడా తియ్యగా వస్తున్నాయంటే మంచిరోజులే మామ్మగారూ" అని, ఎవరిదో టిఫిన్ డబ్బా కింద పడి దొర్లిపోతుంటే గంట టీచర్ దాని వెంట పరిగెత్తింది.

ఇక్కడే నాకు ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది. కానీ ఎలా కుదపను? డబ్బా మూత పెట్టించాలి, ఏడుస్తున్న పిల్లాడి ముక్కు తుడవాలి, గేటు దాటే ప్రతి పిల్లా ఎవరి చెయ్యి పట్టుకుందో చూడాలి. ఆవిడ చెడ్డది కాదు, తీరిక లేనిది.

వారాలు గడిచాయి. ఒక పొద్దున పిచ్చుక ఆలస్యంగా వచ్చింది, అమ్మ చెయ్యి పట్టుకుని. ఒక వైపు జడ ఉంది, రెండో వైపు జుట్టు భుజం మీద విరబోసుకుని ఉంది. జడ వేస్తూ వేస్తూనే నానమ్మ చేతిలోంచి దువ్వెన జారింది. ఆట అనుకుని పిచ్చుక నవ్వింది. వెనక్కి తిరిగి చూస్తే నానమ్మ నేల మీద ఉంది.

"ఆస్పత్రిలో వేశాం టీచర్. ఆయన అక్కడే ఉన్నారు. దీన్ని ఎక్కడ పెట్టాలో తెలీక తీసుకొచ్చాను" అంది తల్లి. "కుడివైపంతా పడిపోయింది. మాట లేదు. బీపీ ఆకాశాన్నంటింది, మాత్రలు ఎందుకు మాన్పించారని డాక్టరు నా మీద అరిచాడు టీచర్. మాన్పించడమేంటి? రోజూ ఈ పిల్లే చేత్తో ఇస్తుంది, ఒక్కరోజు తప్పలేదు. ఖాళీ అట్టలు నేనే పారేస్తున్నాను కదా! మా రాత కాకపోతే ఏంటిది?"

గంట టీచర్ ఆవిడను దగ్గరకు తీసుకుంది. ఏదో ఒకటి మనసులో మెదిలింది, కంట్లో నలుసు పడి అంతలోనే పోయినట్టు. ఈలోగా తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది, లోపల పిల్లలు గోల మొదలుపెట్టారు. టీచరు గంట కొట్టి, "మన పిచ్చుక వాళ్ళ నానమ్మ కోసం ప్రార్థన చేద్దాం, లేవండి" అంది. తరగతి అంతా లేచి నిలబడి చేతులు జోడించింది. ఆ తర్వాత పిచ్చుకను బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని, రెండో జడ తనే వేసింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక నానమ్మ మంచానికే అంటుకుపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. ఇప్పుడు మాత్రలు తల్లే నూరి, చెంచాతో రెండు పూటలా నోట్లో పోస్తోంది, డాక్టరు తిట్లు చెవుల్లో మోగుతుంటే ఎవరినీ నమ్మడం లేదు. ఫ్యాక్టరీ మానేసింది. సాయంత్రం బడి నుంచి రాగానే పిచ్చుక మంచం పక్కన చేరి కబుర్లు మొదలుపెడుతుంది. నానమ్మ నిద్రపోవడం లేదు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి. పిచ్చుక సగంలో ఆగి ఎదురుచూస్తుంది. ఆ కళ్ళ చివర నీరు కారుతుంది, అంతే. "తర్వాత?" అనే మాట రాదు.

బడిలో మాత్రం పిచ్చుక జపాల మీద జపాలు అప్పజెప్పింది. పెద్దవాళ్ళకే నోరు తిరగని పొడవాటి ప్రార్థన మాలలు కూడా తడుముకోకుండా చెప్పింది. సీసా అడుగంటింది. "ఇంట్లో అంత కష్టం పెట్టుకుని కూడా చదువు ఆపలేదు, ఈ పిల్లను చూసి నేర్చుకోండర్రా" అంది గంట టీచర్. అద్దాల బోర్డులో పిచ్చుక ఫోటో రెండోసారి వచ్చింది. ఈసారి వెనక బెంచీలో ఎవరూ లేరు.

శనివారం నిజం పాపసంకీర్తనం. చర్చిలో పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరే ఫాదర్ కూర్చున్న చెక్క గూడు దగ్గరకు వెళ్ళి, పాపాలు చెప్పి వస్తున్నారు. పిచ్చుక ఇలా వెళ్ళి అలా వచ్చేసింది. గంట టీచర్ చివరి బెంచీలో తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"అప్పుడే అయిపోయిందా? అన్నీ చెప్పావా తల్లీ?"

"పెన్సిల్ పోగొట్టి అమ్మకు చెప్పలేదని చెప్పాను టీచర్."

"అంతేనా?"

"ఇంకొకటుంది గానీ అది మీకు ముందే చెప్పేశాను కదా. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పక్కర్లేదన్నారుగా."

"నాకేం చెప్పావే?"

"పిప్పరమెంటుది."

అలవాటు కొద్దీ టీచరు మొహం మీదకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు అక్కడే ఉండిపోయింది.

"అది... నువ్వు కల్పించి చెప్పింది కదమ్మా?"

"కల్పిస్తే అబద్ధం కదా టీచర్" అంది పిచ్చుక.

తియ్యటి మాత్రలు, దిమ్మెక్కే తల, ఖాళీ అట్టలు, సగం వేసిన జడ, అన్నీ ఒక్కసారే వచ్చి గంట టీచర్ మీద పడ్డాయి. పరదా పక్క నుంచి తన చెయ్యే వెళ్ళి పిల్ల అరచేతిలో పెట్టిన బిళ్ళ కూడా. దేవుడా అనుకుంది.

పిచ్చుక గౌను జేబులోంచి గుప్పెడు పిప్పరమెంట్లు తీసి టీచరు ఒళ్ళో పోసింది. వాటితో పాటు నలిగిపోయిన బంగారు నక్షత్రం కూడా పడింది.

"ఒక్కటి కూడా తినలేదు టీచర్, అన్నీ దాచాను. అమ్మ నన్ను ఇవ్వనివ్వట్లేదు. అమ్మే మాత్రలు నూరి పోస్తోంది, రెండు పూటలా. అందుకే నానమ్మ అస్సలు మాట్లాడట్లేదు. నేనిచ్చినప్పుడు ఎంత బాగా మాట్లాడేది!" పిల్ల గొంతు తగ్గించి, టీచరు చెయ్యి పట్టుకుంది. "మీరు అమ్మకు చెప్పండి టీచర్. మీరు బాగుందన్నారు కదా. నక్షత్రం కూడా ఇచ్చారని చెప్పండి. మీరు చెబితే వింటుంది."

టీచరు నోరు తెరిచింది. నువ్వే అని చెప్పాలా ఈ పిల్లకు? నీ చేత్తోనే అని? ఎనిమిదేళ్ళు నిండని పిల్ల, బతికినన్నాళ్ళూ మోయాలి దాన్ని. కాదు, నేనే అని చెప్పాలా? ఎవరికి చెప్పాలి? చెబితే పడిపోయిన చెయ్యి లేస్తుందా, పోయిన మాట వస్తుందా? ఆలోచన ఎటు తిరిగినా గోడే తగిలింది. చేతులు మాత్రం వాటంతటవే బిళ్ళలన్నీ ఏరి గుప్పిట్లో బిగించాయి.

"ఇవి నా దగ్గర ఉంటాయమ్మా. నానమ్మకు మందు అమ్మే ఇవ్వాలి. నువ్వు ఇవ్వకూడదు. ఇంకెప్పుడూ ఇవ్వకూడదు."

"ఎందుకు టీచర్? బాగుందన్నారుగా?"

ఈలోగా తల్లి చర్చి తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. నిద్ర లేక కళ్ళు లోతుకు పోయాయి. అయినా బిడ్డను చూడగానే మొహం కాస్త విచ్చుకుంది.

"బాగా చెప్పిందా టీచర్? ఏం పాపాలు చెప్పిందేంటి మా పిచ్చుక?"

అత్తగారు అడిగినట్టే అడిగింది. అచ్చం అదే మాట తీరు. పిచ్చుక ఆశగా టీచరు మొహంలోకి చూస్తోంది, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని.

గంట టీచర్ గుప్పిట వెనక్కి పెట్టుకుంది. రెండో చేతి వేలు మెల్లగా పెదాల మీదకు వెళ్ళింది.

"అది చెప్పకూడదమ్మా" అంది.

తల్లి నవ్వింది. అత్తగారు మంచాన పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదలు. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. పిచ్చుక మెట్లు దిగేదాకా వెనక్కి తిరిగి టీచరునే చూసింది. సోమవారం బడికి వచ్చింది గానీ, ఏ జపమూ అప్పజెప్పలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.